క్షవరం తరువాతి మంట: సున్నిత చర్మానికి ఉపశమనం, నివారణ

గడ్డం గీసుకున్న కొద్ది నిమిషాలకే చెంపల మీద, దవడ కింద, మెడ మీద చర్మం ఎర్రబారి, చుర్రుమని మండి, చొక్కా కాలరు తగిలినా ఓర్చుకోలేనంత సున్నితంగా మారడాన్ని వాడుకలో రేజర్ బర్న్ అంటారు. వైద్యశాస్త్రం దీనిని ప్రకోప చర్మశోథలో ఒక రకంగా పరిగణిస్తుంది. అంటే సూక్ష్మజీవుల వల్ల గాని, ఎలర్జీ వల్ల గాని కాక, చర్మానికి బయటి నుంచి తగిలిన రాపిడి వల్ల, ఆ రాపిడి మీద పడిన రసాయనాల వల్ల పుట్టే వాపు, తాపం అన్నమాట. సాధారణంగా ఇది కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, కొందరిలో రెండు మూడు రోజులు నిలుస్తుంది. చామనఛాయ చర్మం మీద ఎరుపు స్పష్టంగా కనిపించదు కాబట్టి, మంట, బిగువు, దురద మాత్రమే అనుభవానికి వస్తాయి. అందువల్ల చాలామంది దీనిని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించక, గడ్డం గీసుకున్న ప్రతిసారీ భరించక తప్పని బాధగా భావించి ఊరుకుంటారు. నిజానికి దీనిని చాలావరకు నివారించవచ్చు. చర్మం గాయపడే తీరూ, అది తిరిగి కోలుకోవడానికి తీసుకునే వ్యవధీ అర్థమైతే, ఏం చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం మానుకోవాలో స్పష్టమవుతుంది.

పైపొరకు తగిలే దెబ్బ

చర్మంలో పైన ఉండేది బాహ్యచర్మం, దాని కింద రక్తనాళాలకూ రోమకూపాలకూ నెలవైనది అంతఃచర్మం. బాహ్యచర్మంలో అన్నిటికన్నా పైన 10 నుంచి 20 వరుసల మృతకణాలతో ఏర్పడిన ఒక పలుచని పొర ఉంటుంది; దాని మందం మిల్లీమీటరులో దాదాపు 50వ వంతు మాత్రమే. గోడలో ఇటుకలను సున్నం పట్టి ఉంచినట్లు, ఈ కణాలను సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన ఒక కొవ్వు పదార్థం ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. లోపలి తేమ ఆవిరైపోకుండా చూడడం, బయటి రసాయనాలూ సూక్ష్మజీవులూ లోపలికి చొరబడకుండా అడ్డుకోవడం ఈ పొర చేసే పనులు.

బ్లేడు వెంట్రుకను మాత్రమే కోస్తుందని అనుకోవడం సహజమే గాని, ముఖచర్మం సమతలం కాదు. ప్రతి రోమకూపం చుట్టూ చర్మం కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, మెడ మీద మడతలుంటాయి, దవడ అంచున ఎముక మీదుగా చర్మం వంపు తిరుగుతుంది. ఈ ఎత్తుపల్లాల మీదుగా పదునైన అంచు సాగినప్పుడు వెంట్రుకతో పాటు ఉబ్బెత్తు భాగాల మీది మృతకణాలను కూడా చెక్కుకుపోతుంది. ఒకే చోట రెండు మూడుసార్లు గీసినప్పుడు, గట్టిగా అదిమినప్పుడు, మొద్దుబారిన బ్లేడు వాడినప్పుడు ఈ నష్టం పెరుగుతుంది.

దెబ్బ తగిలిన వెంటనే కింది సజీవ కణాలు తమలో నిల్వ ఉంచుకున్న కొవ్వు పదార్థాన్ని విడుదల చేసి మరమ్మతు ప్రారంభిస్తాయి. ఆరోగ్యవంతమైన యువ చర్మంలో ఈ మరమ్మతు చాలా భాగం మొదటి రోజులోనే జరిగినా, పూర్తి కావడానికి సుమారు 3 రోజులు పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. రోజూ గడ్డం గీసుకునేవారిలో ఒక మరమ్మతు ముగియకముందే మరో దెబ్బ పడుతుందని దీనివల్ల తెలుస్తుంది. సాధారణ చర్మం ఆ లోటును తట్టుకుంటుంది. పుట్టుకతోనే ఈ రక్షణ పొర బలహీనంగా ఉన్నవారూ, ఎటోపిక్ డెర్మటైటిస్ అనే తామర రకం లేదా ముఖం తరచుగా ఎర్రబారే రోజేషియా ఉన్నవారూ, మొటిమలకు రెటినాయిడ్ మందులు వాడుతున్నవారూ తట్టుకోలేరు. సున్నిత చర్మమని వాడుకలో చెప్పేది ఎక్కువగా ఇటువంటి చర్మాన్నే.

సబ్బు ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది. ఆమ్ల, క్షార స్వభావాలను కొలిచే పీహెచ్ మానంలో 7 తటస్థ బిందువు కాగా, ఆరోగ్యవంతమైన చర్మపు ఉపరితలం 4.5 నుంచి 5.5 వరకు ఉండి కొద్దిపాటి ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. కొవ్వు పదార్థాన్ని తయారుచేసే ఎంజైములు ఈ ఆమ్ల వాతావరణంలోనే చక్కగా పనిచేస్తాయి. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది కాబట్టి, దానినే నురగ చేసి గడ్డానికి రాసుకుంటే గాయమూ, గాయం మానకుండా చేసే క్షారమూ ఒకేసారి చర్మం మీద పడతాయి.

మంట పుట్టే తీరు

రక్షణ పొర పలుచనైనప్పుడు దాని కిందనే ఉన్న నాడీ తంతువుల కొనలు బయటి ప్రభావాలకు సులభంగా లోనవుతాయి. ఈ కొనల మీద టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. గ్రాహకమంటే ఒక నిర్దిష్ట ప్రేరణకు స్పందించి మెదడుకు సంకేతం పంపే ప్రొటీను. మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో మంట పుట్టించేది ఈ గ్రాహకం ద్వారానే. దీనిని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. స్పర్శకూ ఉష్ణోగ్రతకూ సంబంధించిన గ్రాహకాల పరిశోధనకు గాను ఆయనకూ ఆర్డెమ్ పటపూటియన్‌కూ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. సాధారణంగా ఈ గ్రాహకం సుమారు 42 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలినప్పుడు ఆ హద్దు సుమారు 34 డిగ్రీలకు పడిపోతుంది. అంటే ఒంటి మామూలు వెచ్చదనమే కాలుతున్న భావన కలిగిస్తుంది. ఆల్కహాల్ అధికంగా ఉన్న ఆఫ్టర్‌షేవ్ ద్రవాలు చురుక్కుమనడానికి కారణం ఇదే గాని, ఆ చురుకు క్రిములు చస్తున్నాయనడానికో, చర్మం బాగుపడుతోందనడానికో గుర్తు కాదు. మెంథాల్ ఇచ్చే చల్లదనం కూడా ఇటువంటిదే. అది చల్లదనాన్ని గ్రహించే వేరొక గ్రాహకాన్ని తట్టి లేపుతుంది తప్ప చర్మపు ఉష్ణోగ్రతను తగ్గించదు, సున్నిత చర్మాన్ని అదనంగా చికాకు పరచనూ వచ్చు.

మరోవైపు, దెబ్బతిన్న కణాలు ఇంటర్‌ల్యూకిన్‌ల వంటి సంకేత ద్రవ్యాలను విడుదల చేయగా, అంతఃచర్మంలోని సన్నని రక్తనాళాలు వెడల్పై, ఆ చోట ఎరుపూ వెచ్చదనమూ కొద్దిపాటి వాపూ కనిపిస్తాయి. చర్మపు రంగుకు కారణమైన మెలనిన్‌ను తయారుచేసే కణాలు కూడా ఈ తాపానికి స్పందిస్తాయి. అందువల్ల గోధుమ, చామనఛాయ, నలుపు చర్మాలలో మంట తగ్గిన తరువాత కూడా దవడ కింద, మెడ మీద నల్లని మచ్చలు నెలల తరబడి నిలిచిపోతాయి. తెలుగువారిలో అత్యధికుల చర్మం ఈ కోవకే చెందుతుంది కాబట్టి, చిన్నపాటి మంటనైనా పదేపదే రానివ్వకపోవడం అవసరం. ఎండ ఆ మచ్చలను మరింత ముదురు చేస్తుంది.

పోలికలున్నా వేర్వేరు బాధలు

గడ్డం గీసిన చోట కనిపించే ప్రతి బాధా రేజర్ బర్న్ కాదు. గీసిన వెంటనే మొదలై, విశాలంగా పరచుకుని, రెండు మూడు రోజుల్లో తగ్గేది రేజర్ బర్న్. ఒకటి రెండు రోజుల తరువాత విడివిడిగా, గట్టిగా, నొప్పిగా లేచే పొక్కులు వేరు. వాటిని సూడోఫాలిక్యులైటిస్ అంటారు. ఉంగరాల వెంట్రుకను ఏటవాలుగా కోసినప్పుడు మొన తేలిన కొస పెరుగుతూ వంపు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. మరీ లోతుగా కోసినప్పుడు అది బయటికి రాకముందే రోమకూపపు గోడను చీల్చుకుని పక్కకు పోతుంది. శరీరం ఆ కొసను పరాయి వస్తువుగా భావించి ఎదిరించడంతో పొక్కు పుడుతుంది. 1956లో అమెరికన్ చర్మవైద్యులు స్ట్రాస్, క్లిగ్‌మన్ ఈ ప్రక్రియను వివరించారు. జుట్టు బాగా ఉంగరాలు తిరిగిన ఆఫ్రికా సంతతి పురుషులలో ఇది ఎక్కువ. భారతీయులలోనూ ఉంగరాల గడ్డం ఉన్నవారికి వస్తుంది. దీనికి అసలైన మందు కొంతకాలం గీయడం మానివేయడమే.

మూడవది రోమకూపాలలోకి బాక్టీరియా చేరి, వెంట్రుక మొదట్లో చీము పొక్కులు లేపే ఫాలిక్యులైటిస్. నాలుగవది శిలీంధ్రం వల్ల వచ్చే గడ్డపు తామర. ఇది గుండ్రంగా, అంచులు లేచి, పొలుసులు రాలుతూ వ్యాపిస్తుంది. ఈ రెండింటికీ వేర్వేరు మందులు అవసరం కాబట్టి, చీము కనిపించినా, ఎరుపు వ్యాపిస్తున్నా, జ్వరం వచ్చినా, మంట వారం దాటినా, మచ్చ గట్టిపడి ఉబ్బుతున్నా చర్మవైద్యుని సంప్రదించాలి. మధుమేహం ఉన్నవారు మరింత త్వరగా వెళ్లాలి.

నీరు, నురగ, పదును

నివారణ నీటితో మొదలవుతుంది. వెంట్రుక కెరటిన్ అనే గట్టి ప్రొటీనుతో తయారైనది. పొడిగా ఉన్నప్పుడు బిరుసుగా ఉండి, నీటిని పీల్చుకున్నప్పుడు ఉబ్బి మెత్తబడుతుంది, తక్కువ బలంతో తెగుతుంది. గోరువెచ్చని నీరు 2 నుంచి 3 నిమిషాలు తగిలితే ఇందుకు సరిపోతుంది కాబట్టి, స్నానం ముగించిన వెంటనే గడ్డం గీసుకోవడం అన్ని విధాలా మంచిది. మరీ వేడినీరు చర్మపు కొవ్వును కరిగిస్తుంది గనుక దానిని వాడరాదు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ అనేక చోట్ల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు అధికంగా ఉంటాయి. అటువంటి కఠిన జలంలో సబ్బు సరిగా నురగ రాక, కరగని తెట్టుగా మారి చర్మం మీద నిలిచిపోతుంది. ఆ ప్రాంతాలవారు మరిగించి చల్లార్చి వడకట్టిన నీటిని ముఖానికి వాడుకోవడం, సబ్బుకు బదులు సువాసన కలపని షేవింగ్ జెల్ గాని క్రీమ్ గాని ఎంచుకోవడం మేలు. రాసిన వెంటనే గీయక, ఒకటి రెండు నిమిషాలు ఉండనిస్తే తేమ వెంట్రుకను అంటిపెట్టుకుని ఉండడంతో పాటు, బ్లేడుకూ చర్మానికీ మధ్య జారుడు పొర నిలుస్తుంది.

బ్లేడు పదును ఎందుకు పోతుందో 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో వివరించారు. బ్లేడు ఉక్కు వెంట్రుక కన్నా సుమారు 50 రెట్లు గట్టిది. అయినప్పటికీ, వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు ఉక్కు అంచులోని సూక్ష్మ నిర్మాణం ఏకరీతిగా లేని చోట ఒత్తిడి కేంద్రీకృతమై, కంటికి కనిపించని పెళ్లలు ఊడిపోతాయని వారు కనుగొన్నారు. అలా అంచు చెడిన బ్లేడు వెంట్రుకను కోయడానికి బదులు లాగుతుంది, లాగినప్పుడు చర్మమూ పైకి లేచి బ్లేడుకు దొరుకుతుంది. అందుచేతనే 5 నుంచి 7 సార్లు వాడాక బ్లేడు మార్చాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సూచిస్తుంది. లాగుతున్నట్లు అనిపిస్తే అంతకన్నా ముందే మార్చాలి. వాడిన తరువాత బ్లేడును కడిగి, స్నానాల గది తేమలో వదలక, పొడి చోట ఉంచాలి. ఒకరి రేజరు మరొకరు వాడడం, అది తండ్రీ కొడుకుల మధ్యనైనా సరే, ఆరోగ్యకరం కాదు.

గీసే దిశ వెంట్రుక పెరిగే దిశే కావాలి. చెంపల మీద వెంట్రుకలు సాధారణంగా కిందికి పెరిగినా, మెడ మీద పైకి గాని పక్కకు గాని, కొందరిలో సుడి తిరిగి గాని పెరుగుతాయి. మెడ భాగమే ఎక్కువగా మండడానికి ఇది ఒక కారణం. రెండు రోజుల గడ్డం మీద వేళ్లు అటూ ఇటూ పోనిచ్చి, నున్నగా తగిలే దిశను గుర్తించి, ఆ దిశలోనే పొట్టి గీతలతో, రేజరు బరువు మాత్రమే పడనిస్తూ, గీసిన ప్రతిసారీ బ్లేడును నీటిలో కడుగుతూ సాగాలి. చర్మాన్ని బిగదీసి పట్టుకుంటే కోత లోతుగా పడి వెంట్రుక చర్మంలోపలికి కుంచించుకుపోతుంది కాబట్టి ఆ అలవాటు మానుకోవాలి. స్త్రీలు కాళ్ల మీద, చంకల్లో రోమాలు తీసుకునేటప్పుడూ ఇవే నియమాలు వర్తిస్తాయి; చంకల్లో చెమటా రాపిడీ ఎక్కువ కాబట్టి, గీసిన వెంటనే డియోడరెంట్ రాయక, వదులైన నూలు వస్త్రాలు ధరించడం మంచిది.

ఒక బ్లేడు, అయిదు బ్లేడులు

కింగ్ జిలెట్ తయారుచేసిన, బ్లేడు మార్చుకోగల సేఫ్టీ రేజరు 1903లో అమెరికా విపణిలోకి వచ్చింది. 1971లో రెండు, 1998లో మూడు, 2006లో అయిదు బ్లేడుల రేజర్లు వచ్చాయి. వరుస బ్లేడులలో మొదటిది వెంట్రుకను పట్టి కొద్దిగా పైకి లాగగా, అది వెనక్కి జారేలోపు తరువాతిది ఇంకా కింద కోస్తుంది. కాబట్టి కోసిన కొస చర్మపు ఉపరితలం కన్నా దిగువన ఆగుతుంది. చెంప నున్నగా ఉండడానికి ఇది ఉపకరిస్తుంది. సున్నిత చర్మం విషయంలో మాత్రం ఒక్క గీతలో అయిదు అంచులు ఒకే చోట మీదుగా సాగుతాయనీ, ఉంగరాల వెంట్రుక చర్మంలోనే చిక్కుకునే అవకాశం పెరుగుతుందనీ గుర్తుంచుకోవాలి. కొళాయి కింద కాక చెంబెడు నీటితో గడ్డం గీసుకునే భారతీయుల కోసం 2010లో వచ్చిన జిలెట్ గార్డ్ ఒకే బ్లేడుతో, వెంట్రుకలు ఇరుక్కోకుండా సులభంగా కడుక్కునేలా రూపొందింది. తక్కువ ధరకు దొరికే ఇటువంటి ఒంటి బ్లేడు రేజరు సున్నిత చర్మానికి చాలాసార్లు ఖరీదైన వాటికన్నా అనుకూలంగా ఉంటుంది. పదేపదే మంట వచ్చేవారికి వెంట్రుకను ఒక మిల్లీమీటరు వరకు మిగిల్చే ట్రిమ్మర్ అన్నిటికన్నా సురక్షితం.

మంట పుట్టిన తరువాత

మంట పుట్టాక ముందుగా చేయవలసినది చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన మెత్తని గుడ్డను 10 నిమిషాలు ఆ చోట ఉంచడం. చల్లదనానికి రక్తనాళాలు కుంచించుకుని ఎరుపూ వేడీ తగ్గుతాయి. మంచుగడ్డను నేరుగా అదిమితే చర్మం మరోలా గాయపడుతుంది. తువ్వాలుతో రుద్దక అద్ది, తేమ పూర్తిగా ఆరకముందే సువాసనలేని మాయిశ్చరైజరు రాయాలి. ఇందులో గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచుతుంది, పెట్రోలియం జెల్లీ పైన కప్పు వేసి తేమ పోకుండా చేస్తుంది, సెరమైడ్లు కోల్పోయిన కొవ్వును భర్తీ చేస్తాయి. మెత్తగా పొడిచేసిన ఓట్స్‌కు దురద తగ్గించే గుణం ఉంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనిని 2003లో చర్మ రక్షక పదార్థంగా గుర్తించింది. కొబ్బరినూనె తేమను నిలపడంలో ఉపకరించినా, మొటిమల తత్వం ఉన్నవారిలో రోమకూపాలను మూసివేయవచ్చు. కలబంద గుజ్జు చల్లబరుస్తుంది గాని, ఆకు తోలు కిందనుంచి కారే పసుపుపచ్చని జిగురులో అలోయిన్ అనే చికాకు కలిగించే పదార్థం ఉంటుంది. ఆకును కోసి ఆ జిగురు పూర్తిగా కారనిచ్చి, కడిగి, పారదర్శకమైన గుజ్జును మాత్రమే, అదీ మోచేతి మడత మీద ముందుగా పరీక్షించి వాడాలి.

నిమ్మరసం తీవ్రమైన ఆమ్లం. అది అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలూ నల్లమచ్చలూ వస్తాయి. నీళ్లు కలపని యాంటీసెప్టిక్ ద్రవాలు, టూత్‌పేస్టు, సువాసన పౌడర్లు గాయపడిన పొరను మరింత దెబ్బతీస్తాయి. సెలూన్లలో తరతరాలుగా వాడే పటిక పొటాషియం, అల్యూమినియం లవణం. అది ప్రొటీన్లను గడ్డకట్టించి చిన్న కోత నుంచి కారే రక్తాన్ని ఆపుతుంది. రక్తం వచ్చిన చోట అద్దడం వరకు అది పనికివస్తుంది, ముఖమంతా రుద్దితే ఆరబెట్టి మంటను పెంచుతుంది. ఒకే పటిక ముక్కను పలువురి ముఖాలకు రుద్దడం ప్రమాదకరం కూడా. కాలేయ వ్యాధికి కారణమయ్యే హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. కొత్త బ్లేడు అడిగినట్లే, పటిక రుద్దవద్దని చెప్పడం కూడా ప్రతి ఒక్కరి హక్కు.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ఎర్రమచ్చల క్రీములలో చాలా వాటిలో తీవ్రమైన స్టెరాయిడ్లుంటాయి. అవి ఒకటి రెండు రోజుల్లో ఎరుపును మాయం చేస్తాయి కాబట్టి నమ్మకం కుదురుతుంది. వారాల తరబడి వాడితే ముఖచర్మం పలుచబడి, రక్తనాళాలు బయటపడి, మొటిమలు లేచి, క్రీము మానితే మునుపటికన్నా ఎక్కువ మండే స్థితి వస్తుంది. ఈ దుర్వినియోగాన్ని అరికట్టడానికే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూత మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. తేలికపాటి హైడ్రోకార్టిజోన్ కూడా వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి.

తలనీలాలు, పుట్టువెంట్రుకలు

తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించే భక్తులకూ, పుట్టువెంట్రుకలు తీయించే పసిపిల్లలకూ ఈ విషయాలన్నీ వర్తిస్తాయి. అన్నాళ్లూ జుట్టు నీడన ఉన్న తలచర్మం ఒక్కసారిగా బ్లేడుకూ ఎండకూ లోనవుతుంది. జుట్టును బాగా తడిపి మెత్తబరచమని అడగడం, కొత్త బ్లేడు వాడేలా చూసుకోవడం, తరువాత ఎండలో టోపీ గాని పలుచని నూలు గుడ్డ గాని కప్పుకోవడం అవసరం. గుండుకు గంధం పూయడం ఆచారం. స్వచ్ఛమైన చందనాన్ని నీటితో అరగదీసిన గంధం తడి ఆరేటప్పుడు చల్లబరుస్తుంది గాని, రంగూ సువాసనా కలిపిన పొడులు చికాకు పెట్టవచ్చు. పసిపిల్లల రక్షణ పొర పెద్దల కన్నా పలుచన కాబట్టి, వారి తలకు సువాసనలేని తేమ పూత మాత్రమే చాలు.

వ్యవధి ఇవ్వడమే చికిత్స

ఇంతవరకు చెప్పిన జాగ్రత్తలన్నీ ఒకే సూత్రానికి లోబడి ఉన్నాయి: రక్షణ పొరకు తగిలే నష్టాన్ని తగ్గించి, అది పూడుకోవడానికి వ్యవధి ఇవ్వాలి. ఆఫ్టర్‌షేవ్‌లూ టోనర్లూ స్క్రబ్బులూ ఒకదానిమీద ఒకటి చేర్చడం వల్ల ఆ వ్యవధి పెరగదు, తరచుగా తగ్గుతుంది. వీలైనవారు మంట పూర్తిగా తగ్గేవరకు రేజరు ముట్టక, ఆ తరువాత కూడా క్షవరానికీ క్షవరానికీ మధ్య రెండు మూడు రోజుల ఎడం పాటించాలి. ఉద్యోగ నియమాల వల్ల రోజూ నున్నగా కనిపించక తప్పనివారు ట్రిమ్మరుకు మారాలి. పదేపదే పొక్కులు లేచేవారికి వైద్యుని ధ్రువపత్రం ఆధారంగా సడలింపు ఇవ్వడం యాజమాన్యాలకు కష్టమైన పని కాదు. కొత్తగా మీసకట్టు వచ్చిన కుర్రవాళ్లకు ఇంట్లో పెద్దలు రేజరు చేతికిచ్చే రోజునే ఈ నాలుగు మాటలు చెప్పగలిగితే, చేత్తో తడిమినప్పుడు కాస్త గరుకుగా తగిలే చెంప ఆరోగ్యానికి విరుద్ధం కాదని వారు మొదటి నుంచే తెలుసుకుంటారు, మండినా సరే మళ్లీ మళ్లీ గీయాలనే పట్టుదలకు పోరు.